ఆ అరగంట

1968 జనవరి 15. దక్షిణ వియత్నాం మధ్య పీఠభూమి, కొంటుమ్ రాష్ట్రం, డాక్ టో దగ్గరి దారి. ఉత్తర వియత్నాం బలగాల మధ్య చిక్కుకున్న తోటివాళ్లను ఆదుకోవడానికి అమెరికన్ ట్యాంకులు ఆ దారిన పరుగులు పెడుతున్నాయి. వాటిలో ఒకదాన్ని నడుపుతున్న కుర్రాడు డ్వైట్ జాన్సన్. ఇరవయ్యేళ్లవాడు. ఊరు డెట్రాయిట్. నల్లజాతి కుటుంబం. ఇంట్లోవాళ్లు స్కిప్ అని పిలుచుకునేవాళ్లు. పోరు జరుగుతున్న చోటికి చేరీ చేరగానే అతని ట్యాంకు గొలుసు పట్టా ఊడిపోయి బండి నిలిచిపోయింది. కదలని ట్యాంకులో డ్రైవరుకు పనేముంటుంది? ఉక్కు గోడల మధ్య అలాగే కూర్చుండిపోయినా అతన్ని ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అతను మాత్రం పైమూత తోసుకుని బయటికి దూకాడు. చేతిలో ఉన్నది ఒక్క పిస్తోలు.

దూకడానికి కారణం ఎదురుగా మండుతోంది. రాకెట్లు తగిలి అంటుకున్న ట్యాంకుల్లో ఒకటి అతని పాత ట్యాంకు. ఎం-48 ట్యాంకులో ఉండేది నలుగురు: కమాండరు, గురి చూసేవాడు, గుండ్లు అందించేవాడు, నడిపేవాడు. ఆ ఇరుకులో నెలల తరబడి ఒకే తిండి తిని, ఒకే దుమ్ము పీల్చి, ఒకే భయంతో పడుకున్నవాళ్లు అన్నదమ్ముల కన్నా దగ్గరవుతారు. జాన్సన్ ఆ ట్యాంకు వాళ్లతో దాదాపు పదకొండు నెలలు గడిపాడు. దాడికి ముందురోజు రాత్రే అతన్ని వేరే ట్యాంకుకు మార్చారు. సైన్యంలో ఇలాంటి మార్పులు రోజూ ఉండేవే. ఎవరూ వాటి గురించి రెండోసారి ఆలోచించరు. ఆ మార్పు వల్ల అతను బతికాడు, అతని స్నేహితులు పోయారు.

జాన్సన్ పరుగున వెళ్లి మండుతున్న ట్యాంకులోంచి ముందుగా చేతికందినవాణ్ని బయటికి లాగాడని తోటి సైనికులు తర్వాత చెప్పారు. ఒళ్లు కాలినా అతనికి ఇంకా ప్రాణం ఉంది. మిగతావాళ్ల కోసం మళ్లీ వెళ్లేలోపే లోపలి గుండ్లు పేలిపోయాయి. స్నేహితులు కళ్ల ముందే బూడిదయ్యారు.

ఆ తర్వాత జరిగినదాన్ని ప్రభుత్వ ప్రశంసాపత్రం ఒక వరుసలో పెట్టి చెబుతుంది. పిస్తోలులో తూటాలు అయిపోయేదాకా శత్రువులను కాల్చాడు. రాకెట్లు, తుపాకీ గుళ్లు వానలా కురుస్తుంటే తన ట్యాంకు దగ్గరికి తిరిగొచ్చి సబ్ మెషిన్ గన్ తీసుకున్నాడు. మళ్లీ దాడి నడిబొడ్డుకే వెళ్లాడు. ఆ తూటాలూ అయిపోయాక, మీదికొచ్చినవాణ్ని తుపాకీ మడమతో కొట్టి చంపాడు. ఉత్తచేతులతో ప్లటూన్ సార్జెంటు ట్యాంకు ఎక్కి, గాయపడి ఉన్న సైనికుణ్ని బయటికి తీసి మోసుకెళ్లి కవచవాహనంలోకి చేర్చాడు. తిరిగొచ్చి ఆ ట్యాంకు ఫిరంగి మొరాయించేదాకా కాల్చడంలో సాయపడ్డాడు. మళ్లీ పిస్తోలు పట్టుకుని కిందికి దిగాడు. చివరికి కదలని తన ట్యాంకు మీదికెక్కి, ఏ చాటూ లేకుండా నిలబడి, పైన బిగించిన భారీ మెషిన్ గన్‌తో పోరు అదుపులోకి వచ్చేదాకా కాలుస్తూనే ఉన్నాడు. ఇదంతా దాదాపు అరగంట. అతని చేతిలో చనిపోయినవాళ్లు అయిదుగురని ఒకరు, ఇరవైమందని ఇంకొకరు చెప్పారు. ఆ పొగలో లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేదు.

ప్రశంసాపత్రంలో లేని ఒక క్షణం ఉంది. ఒక ఉత్తర వియత్నాం సైనికుడు ఎదురుపడి, అతని మీదికి తుపాకీ గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. అది పేలలేదు. జాన్సన్ తుపాకీ పేలింది. చావు ముఖాముఖి వచ్చి వెనక్కి తిరిగిన ఆ క్షణమూ, ఎదుటివాడి ముఖమూ అతన్ని చివరిదాకా వదల్లేదు.

కాల్పులు ఆగాయి గాని అతను ఆగలేదు. పట్టి ఆపడానికి ముగ్గురు మనుషులు కావలసివచ్చింది, మార్ఫిన్ సూది కూడా. చేతులు కదలకుండా కట్టేసే చొక్కా తొడిగి అతన్ని ప్లేకు అనే ఊళ్లోని ఆసుపత్రికి పంపారు. ఆ వెంటనే సామాను సర్దుకోమని చెప్పి ఇంటికి పంపించేశారు. అతని యుద్ధం అయిపోయిందన్నారు.

ఈ కథలోని విషాదమంతా ఇక్కడే ఉంది. ఏ అరగంటకు సైన్యం అతనికి ఆ చొక్కా తొడిగిందో, పది నెలల తర్వాత అదే అరగంటకు దేశం అతని మెడలో అత్యున్నత పతకం వేసింది. ఆసుపత్రి చూసిన మనిషి, ప్రశంసాపత్రం చూసిన మనిషి వేరువేరు కారు. కాని ఆసుపత్రిలో వాళ్లు చూసింది వైట్‌హౌస్ దాకా చేరలేదు. వైట్‌హౌస్ పొగిడినదాన్ని మోస్తూ అతను ఎలా బతకాలో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు.

అసలు స్కిప్ కొట్లాటల పిల్లవాడే కాదు. డెట్రాయిట్‌లో పేదల కోసం కట్టిన జెఫ్రీస్ హోమ్స్ అనే ప్రభుత్వ ఇళ్లలో తల్లి చేతి కింద పెరిగాడు. చర్చిలో ప్రార్థన వేళ పూజారికి సాయం చేసేవాడు. స్కౌట్స్‌లో ఉండేవాడు. వీధి పిల్లలు తగవుకొస్తే దెబ్బకు దెబ్బ తీయొద్దని, పరిగెత్తుకుని ఇంటికొచ్చేయమని తల్లి నేర్పింది. అతను అలాగే పరిగెత్తుకొచ్చేవాడు. పొడుగ్గా, బలంగా ఎదిగాక కూడా నెమ్మదస్తుడనే పేరు పోలేదు. హైస్కూలు చదువు ముగిశాక 1966లో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. అది నిర్బంధ భర్తీ కాలం. కాలేజీలో చేరే స్తోమత ఉన్నవాళ్లకు ఆ పిలుపును వాయిదా వేయించుకునే వీలుండేది. జెఫ్రీస్ హోమ్స్ లాంటి చోట్ల పిల్లలకు ఆ వీలు తక్కువ.

అతను వియత్నాంలో ట్యాంకు నడుపుతున్న రోజుల్లోనే అతని సొంత ఊళ్లో ట్యాంకులు తిరిగాయి. 1967 జులై చివరి వారంలో డెట్రాయిట్ నల్లజాతి వాడలు భగ్గుమన్నాయి. నేషనల్ గార్డ్ ట్యాంకులు వీధుల్లోకి వచ్చాయి. ఫెడరల్ ప్రభుత్వం పారాట్రూపర్లను దింపింది. అయిదు రోజుల్లో 43 మంది చనిపోయారు. అతను తిరిగొచ్చేసరికి ఊళ్లో కాలిన దుకాణాలు, ఇనుప జాలీలు బిగించుకున్న కిటికీలు కనిపించాయి.

వియత్నాం నుంచి సైనికులు తిరిగొచ్చే తీరు కూడా మునుపటిలా లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైనికులు ఓడల్లో వారాలకొద్దీ కలిసి ప్రయాణించి, చూసినవన్నీ ఒకరితో ఒకరు చెప్పుకుంటూ ఇల్లు చేరారు. వియత్నాంలో ఎవరి ఏడాది వాళ్లది. గడువు తీరినవాడు ఒంటరిగా విమానం ఎక్కి, ఒకటి రెండు రోజుల్లో తన వీధిలో దిగేవాడు. బూట్లకంటిన ఎర్రమట్టి వదలకముందే అమ్మ చేతి వంట ముందు కూర్చునేవాడు. జాన్సన్ కూడా అలాగే వచ్చాడు. యుద్ధం గురించి ఎవరు అడిగినా పెద్దగా ఏమీ జరగలేదన్నాడు. పాత స్నేహితుల్లో కలిసిపోవాలని చూశాడు. ఉద్యోగం కోసం తిరిగాడు. నెలలు గడిచినా పని దొరకలేదు. ఆ ఊళ్లో పని వెతుక్కుంటున్న వేలమంది నల్లజాతి కుర్రాళ్లలో అతనూ ఒకడు.

ఒకరోజు మిలిటరీ పోలీసులు ఇద్దరు తలుపు తట్టారు. సైన్యం నుంచి వచ్చాక ఏమైనా కేసుల్లో ఇరుక్కున్నావా అని అడిగారు. లేదన్నాడు. కొడుకు ఏం తప్పు చేశాడోనని తల్లి గుండెలు గుబగుబలాడాయి. వాళ్లు వెళ్లిన కాసేపటికే వాషింగ్టన్ నుంచి ఫోన్ వచ్చింది. అతన్ని మెడల్ ఆఫ్ ఆనర్‌కు ఎంపిక చేశారు. అమెరికాలో యుద్ధ సాహసానికి ఇచ్చే పతకాల్లో అంతకు మించింది లేదు. అది ఎవరి మెడలో ఉంటే వాళ్లకు, హోదా ఏదైనా, జనరల్ సైతం ముందుగా సెల్యూట్ చేయడం అక్కడి ఆనవాయితీ.

1968 నవంబర్ 19న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేతుల మీదుగా వైట్‌హౌస్‌లో పతకం అందుకున్నది అయిదుగురు. యాంజెలో లిటెకీ కాల్పుల మధ్య ఇరవైమందికి పైగా క్షతగాత్రులను మోసుకొచ్చిన సైనిక పూజారి. గ్యారీ వెట్జెల్ ఎడమ చేయి పోయినా హెలికాప్టర్ మెషిన్ గన్ విడవనివాడు. జేమ్స్ టేలర్ మండుతున్న వాహనాల్లోంచి సాటివాళ్లను లాగిన అధికారి. శామీ డేవిస్ గాయాలతోనే నది దాటి తోటివాళ్లను తీసుకొచ్చిన ఫిరంగి దళ సైనికుడు. అయిదోవాడు డ్వైట్ జాన్సన్. పతకం మెడలో పడే వేళ అతను కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఆ కన్నీళ్లను అక్కడివాళ్లు కృతజ్ఞతగా చదువుకున్నారు. ఆ పతకం మెరుపులో అతనికి ఏ ట్యాంకు కనిపించిందో అడగడం ఆ సభ మర్యాద కాదు.

నిన్నటిదాకా పని ఇవ్వనివాళ్లు ఇప్పుడు చేయి చాచి పలకరించారు. డెట్రాయిట్ పెద్దలు విందు ఇచ్చారు. దుకాణాలు అడగకుండానే అరువిచ్చాయి. సైన్యం మళ్లీ చేరమని నచ్చజెప్పి, డెట్రాయిట్‌లోనే సైనిక భర్తీ విభాగంలో వేసింది. నల్లజాతి కుర్రాళ్లు వియత్నాంకు పోవడానికి వెనకాడుతున్న కాలం అది. వాళ్ల వాడలోంచే వచ్చి, మెడలో మెడల్ ఆఫ్ ఆనర్ ఉన్నవాణ్ని చూపిస్తే అంతకంటే మంచి ప్రచారం ఏముంటుంది? స్కూళ్లకు వెళ్లి మాట్లాడటం, క్లబ్బుల భోజనాల్లో కూర్చోవడం, ఊరేగింపుల్లో నడవడం అతని ఉద్యోగమైంది. 1969 జనవరిలో పెళ్లి చేసుకున్నాడు. ఒక బిడ్డకు తండ్రయ్యాడు. సొంత ఇల్లు కొన్నాడు.

వెళ్లిన ప్రతి చోటా ఆ అరగంట గురించే అడిగేవాళ్లు. చప్పట్లు కొట్టేవాళ్లు దాన్ని మరోసారి చెప్పమనేవాళ్లు. కొన్ని హైస్కూళ్లలో తన రంగు పిల్లలే అతన్ని సైన్యం ఆడించే బొమ్మ అని ఎగతాళి చేశారు. ఒకవైపు వీరుడని, ఇంకోవైపు బొమ్మని అన్నారు. అటువాళ్లకూ ఇటువాళ్లకూ అతనితో పని ఆ పతకం వల్లే. ఆ పతకం లేని డ్వైట్ జాన్సన్ కావాలన్నది ఇంట్లోవాళ్లొక్కరే.

పద్మవ్యూహంలో పడి చచ్చిపోయిన అభిమన్యుణ్ని కవులు ఎన్ని తీర్లుగానో పాడారు. తోటివాళ్లందరూ కూలిపోయాక ప్రాణాలతో బయటపడ్డ అభిమన్యుడు ఒకడుంటే, మర్నాడు పొద్దున్నే లేచి ఏం చేస్తాడో ఎవరూ రాయలేదు. జాన్సన్‌ది ఆ రాయని పర్వం.

మెల్లమెల్లగా అంతా సడలింది. మాట్లాడతానని ఒప్పుకున్న సభలకు రావడం మానేశాడు. ఆఫీసుకు వెళ్లేవాడు కాదు. అరువులు పెరిగాయి. ఇంటి వాయిదాలు ఆగిపోయాయి. రాసిచ్చిన చెక్కులు బౌన్సయి తిరిగొచ్చాయి. కడుపులో నొప్పి అనేవాడు. రాత్రులు నిద్ర ఉండేది కాదు. పట్టిన నిద్రలో పీడకలలు. 1970లో కడుపునొప్పికి పరీక్ష చేసిన డాక్టర్లు అసలు జబ్బు వేరే ఉందని గ్రహించి, అతన్ని పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు.

అక్కడి డాక్టరు రాసిన నోట్సులోని మాటలు తర్వాత పత్రికకెక్కాయి. వియత్నాం అనంతర జీవితానికి సర్దుకోలేని డిప్రెషన్ అని తేల్చారు. జాన్సన్‌ను రెండు ప్రశ్నలు తినేస్తున్నాయి. ఆ ట్యాంకులో తను ఎందుకు లేడు, తనొక్కడే ఎందుకు మిగిలాడు అన్నది మొదటిది. రెండోది దానికన్నా భయంకరమైనది. జీవితంలో ఒక్కసారే తన మీద తనకు పట్టు తప్పింది, దానికే దేశం తనకు ఇంత గౌరవం ఇచ్చింది. డెట్రాయిట్ వీధిలో మళ్లీ అలాగే పట్టు తప్పితే? అక్కడ చేసిందే ఇక్కడా చేస్తే?

ఈ రెండో ప్రశ్నకు ప్రశంసాపత్రం రాసినవాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ మాటకొస్తే వైద్యశాస్త్రం దగ్గర కూడా ఆనాడు సరైన పేరు లేదు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1952లో తెచ్చిన జబ్బుల జాబితాలో యుద్ధం లాంటి తీవ్ర ఒత్తిడికి మనసు లోనయ్యే స్థితికి చోటుండేది. 1968లో వచ్చిన రెండో కూర్పులో దాన్ని తీసేశారు. డాక్ టో దాడి, వైట్‌హౌస్ సభ జరిగింది కూడా ఆ ఏడాదే. పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే జబ్బు ఆ జాబితాలోకి ఎక్కడానికి 1980 దాకా ఆగాల్సివచ్చింది. తోటివాళ్లు పోయి తనొక్కడే మిగిలినందుకు తనే దోషినని కుమిలిపోవడం, మాటిమాటికీ ఆ క్షణంలోకే జారిపోవడం, మొద్దుబారిపోవడం, ఉన్నట్టుండి భగ్గుమనడం ఇప్పుడు ప్రతి మానసిక వైద్యుడికీ తెలిసిన లక్షణాలు. ఆనాడు మాత్రం అవి ఒక్కొక్క సైనికుడి సొంత బలహీనతలా కనిపించేవి. అందులోనూ మెడల్ ఆఫ్ ఆనర్ ఉన్నవాడికి బలహీనత ఉండకూడదు. జాన్సన్ ఇంటికని బయల్దేరి, మళ్లీ ఆసుపత్రికి వెళ్లలేదు.

1971 ఏప్రిల్ చివరి వారం. భార్య ఆసుపత్రిలో ఉంది. అక్కడ కట్టాల్సిన కొద్దిపాటి డబ్బు కూడా అతని దగ్గర లేదు. ఏప్రిల్ 29 రాత్రి తెలిసినవాళ్ల కారులో వెళ్లి, ఇంటికి ఎంతో దూరం లేని ఒక కిరాణా దుకాణం దగ్గర ఒక్కడే దిగాడు. లోపల ఏం జరిగిందన్నదానికి దుకాణదారు చెప్పిందే ఆధారం. జాన్సన్ పిస్తోలు తీశాడు, డబ్బు పెట్టె ఖాళీ చేయమన్నాడు. దుకాణదారు కూడా తుపాకీ తీశాడు. జాన్సన్ తూటా దుకాణదారు చేతికి తగిలింది. దుకాణదారు కాలుస్తూనే ఉన్నాడు. తూటాలు తగిలినా ఆ ఎత్తైన మనిషి కాసేపు అలాగే నిలబడ్డాడట. ఏప్రిల్ 30 తెల్లవారకముందే ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఇంకో వారం ఉంటే ఇరవై నాలుగేళ్లు నిండేవి.

డాక్ టోలో అంతమంది మధ్య తప్పించుకున్నవాడు, ఎదురుగా పేలని తుపాకీ నుంచి బతికి బయటపడ్డవాడు, చేయెత్తితే అందేంత దూరంలో ఒక్క దుకాణదారు చేతిలో పోయాడు. ఆ రాత్రి అతను డబ్బు కోసమే వెళ్లాడా? బతుకు మీద విసుగెత్తి, ట్రిగ్గర్ నొక్కే పని ఇంకొకరికి అప్పగించడానికి వెళ్లాడా? ఈ అనుమానం మొదట పైకి అన్నది అతని తల్లి. కొట్లాటకు పోవద్దని, పరిగెత్తుకుని ఇంటికొచ్చేయమని నేర్పిన ఆ తల్లికి తప్ప ఇంకెవరికీ ఆ మాట అనే హక్కు లేదు.

దేశం అతని శవాన్ని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో సైనిక గౌరవాలతో సమాధి చేసింది. దోపిడీలో పోయాడని పతకం వెనక్కి తీసుకోలేదు. మే 26న న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో జాన్ నార్ధైమర్ డాక్ టో నుంచి డెట్రాయిట్ దాకా జాన్సన్ దారిని రాశాడు. ఆసుపత్రి నోట్సు, తల్లి మాట, తోటి సైనికుల జ్ఞాపకాలు జనం ముందుకొచ్చాయి. వియత్నాం నుంచి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లల్లో మూసిన తలుపుల వెనక ఏం జరుగుతోందో చాలామందికి మొదటిసారి తెలిసింది అప్పుడే. నాటక రచయిత టామ్ కోల్ ఈ కథను ఆధారం చేసుకుని ‘మెడల్ ఆఫ్ ఆనర్ రాగ్’ రాశాడు. యుద్ధరంగం కనిపించని ఆ నాటకంలో, వ్యాలీ ఫోర్జ్ ఆసుపత్రి గదిలో ఒక డాక్టరు, ఒక నల్లజాతి సార్జెంటు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు.

అప్పటికే న్యూయార్క్‌లో కొందరు మాజీ సైనికులు డాక్టర్లతో కూర్చుని చూసినవీ చేసినవీ చెప్పుకోవడం మొదలుపెట్టారు. రాబర్ట్ జే లిఫ్టన్, హైమ్ షాటాన్ అనే మానసిక వైద్యులు అక్కడ విన్నదాన్ని దేశానికి వినిపించారు. 1979లో మాజీ సైనికుల కోసం ఊళ్లల్లోనే సలహా కేంద్రాలు తెరవడానికి చట్టం వచ్చింది. ఆసుపత్రి మెట్లెక్కడానికి సిగ్గుపడేవాడు కూడా వీధి చివరి గదిలోకి వెళ్లి, తనలాంటి ఇంకో సైనికుడితో నోరు విప్పగలిగాడు. ఆ కేంద్రాలు జాన్సన్‌కు ఎనిమిదేళ్లు ఆలస్యంగా వచ్చాయి.

ఆనాడు వైట్‌హౌస్‌లో పక్కపక్కన నిలబడ్డ అయిదుగురిలో మిగతావాళ్ల బతుకులూ ఒక్క దారిన పోలేదు. లిటెకీ పూజారి వృత్తి వదిలేశాడు. మధ్య అమెరికాలో తన దేశం చేస్తున్నది తప్పని నమ్మి, 1986లో పతకాన్ని తీసుకెళ్లి వియత్నాం స్మారకం దగ్గర వదిలేశాడు. శామీ డేవిస్ పతకం అందుకుంటున్న ఆనాటి ఫిల్మును 1994లో ‘ఫారెస్ట్ గంప్’ సినిమాలో వాడుకున్నారు. డేవిస్ ముఖం ఉన్న చోట టామ్ హాంక్స్ ముఖం అతికించారు. అమాయకుడైన వీరుడు పతకం అందుకుని నవ్వించే ఆ ఘట్టాన్ని ప్రపంచమంతా చూసింది. అదే సభలో కన్నీళ్లు పెట్టుకున్న ఇంకో కుర్రాడు ఉన్నాడని ఆ ప్రేక్షకుల్లో ఎంతమందికి తెలుసు? ఒకే పతకాన్ని ఒకరు ధరించారు, ఒకరు తిరిగిచ్చేశారు, జాన్సన్ మోయలేకపోయాడు. మోయలేనివాడు ఆ ముగ్గురిలో తక్కువ ధైర్యవంతుడేమీ కాదు. అతనికి పతకం ఇచ్చారు గాని, దాన్ని దించుకుని కాసేపు మామూలు మనిషిగా కూర్చునే చోటు ఇవ్వలేదు.

వాషింగ్టన్‌లో 1982లో వెలిసిన వియత్నాం స్మారకపు నల్లరాతి గోడ మీద 58,000కు పైగా పేర్లు ఉన్నాయి. డాక్ టో దారిలో కాలిపోయినవాళ్లలాంటి వాళ్ల పేర్లవి. డ్వైట్ జాన్సన్ పేరు అక్కడ లేదు. ఆ గోడ నియమాల ప్రకారం అతనిది యుద్ధ మరణం కాదు, డెట్రాయిట్ పోలీసు రికార్డులోని మరణం. యుద్ధం వల్లనే తర్వాతెప్పుడో చనిపోయినవాళ్లందరి కోసం 2004లో ఆ ఆవరణలోనే ఒక ఫలకం పెట్టారు. దాని మీద ఏ ఒక్కరి పేరూ ఉండదు.

వీరుల్ని తలుచుకునేటప్పుడు మనం ఎప్పుడూ చేసే పని ఒకటుంది. గొప్ప క్షణాన్ని కత్తిరించి పటం కట్టుకుంటాం, ముందూ వెనకా వదిలేస్తాం. జాన్సన్ విషయంలో ఆ కత్తిరింపే అతని ప్రాణం మీదికి తెచ్చింది. సైన్యం, పత్రికలు, ఊరి పెద్దలు, ఎగతాళి చేసిన పిల్లలు అందరూ అతన్ని ఆ అరగంటలోనే ఉంచాలని చూశారు. దాని నుంచి బయటపడాలని పెనుగులాడింది అతనొక్కడే. అతని సాహసం అబద్ధం కాదు. కదలని ట్యాంకులో చాటున కూర్చోగలిగినవాడు స్నేహితుల కోసం మంటల్లోకి దూకాడు. గాయపడ్డ ఇంకొకణ్ని తూటాల మధ్య మోసుకొచ్చాడు. దాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. దుకాణంలో తుపాకీ తీసింది కూడా అతనే. దాన్ని దాచనక్కర్లేదు. ఆ రెంటి మధ్య మూడేళ్ల మూడు నెలలు ఉన్నాయి. ఆ కాలమంతా అతను పోరాడుతూనే ఉన్నాడు. ఈసారి ఎదుట శత్రువు కనిపించలేదు, పక్కన ప్లటూన్ లేదు, సాయానికి ఏ ట్యాంకూ రాలేదు. అతని సాహసాన్ని కొలిచేవాళ్లు అరగంటతో ఆపకూడదు. ఒంటరిగా నిలబడ్డ ఆ మూడేళ్ల మూడు నెలలను కూడా అతని యుద్ధసేవలోనే రాయాలి.